కస్టమ్ రైఫిల్ బ్యారెల్ శుభ్రత: థ్రోట్ నుంచి క్రౌన్ దాకా

మంచి బ్యారెల్‌ను కాల్పులు మెల్లగా అరగదీస్తాయి. దాన్ని తొందరగా చెడగొట్టేది మాత్రం చాలాసార్లు యజమాని చేతిలోని క్లీనింగ్ రాడ్డే. వంగిన రాడ్డు లోపలి గాడుల గట్లను గీకడం, మూతి దగ్గర బ్రష్‌ను సగంలో వెనక్కి తిప్పడం, ఘాటైన సాల్వెంట్ పోసి రాత్రంతా వదిలేయడం, ఇవన్నీ శ్రద్ధ పేరుతోనే జరుగుతాయి. అందుకే ఎలా తోమాలో చెబుతూనే, ఎక్కడ చెయ్యి ఆపాలో కూడా అడుగడుగునా చెబుతాను.

ఇది అమెరికాలో గురి పోటీలకు, వేటకు వాడే బోల్ట్ యాక్షన్ సెంటర్‌ఫైర్ రైఫిళ్ల కోసం రాసినది. అక్కడ స్థిరపడిన మన వాళ్లలో ఈ క్రీడలోకి వచ్చినవారు, ఫ్యాక్టరీ బ్యారెల్ తీసేసి మొదటిసారి కస్టమ్ బ్యారెల్ వేయించుకున్నవారు నా మనసులో ఉన్న పాఠకులు. .22 రిమ్‌ఫైర్, ఎయిర్ రైఫిళ్ల పద్ధతి వేరు. వాటి సంగతి తర్వాత విడిగా ఉంది.

లోపల ఏముందో ముందు తెలియాలి

విస్కాన్సిన్‌లోని క్రీగర్, బార్ట్‌లైన్ సంస్థలు గాడులను చిన్న కట్టర్‌తో కోస్తాయి. ఒక్కో గాడి మీద కట్టర్ ఎన్నోసార్లు నడిచి, ప్రతిసారీ కంటికి కనబడనంత పలుచని పొర తీస్తుంది. టెక్సస్‌లోని షిలెన్, మోంటానాలోని లిల్యా వంటివారు గట్టి కార్బైడ్ బటన్‌ను గొట్టం గుండా నడిపి గాడులను అచ్చు వేస్తారు. ఏ పద్ధతిలో చేసినా, మేలురకం బ్యారెల్‌కు చివర జరిగే పని ఒకటే: చేతి లాపింగ్. బోర్‌లోనే, అంటే బ్యారెల్ లోపలి రంధ్రంలోనే, సీసాన్ని పోతపోసి, ఆ ముద్దకు రాపిడి పేస్ట్ పట్టించి, ముందుకూ వెనక్కూ నడిపి లోపలి ఉపరితలాన్ని నునుపు చేస్తారు. దాంతో మిగిలే సన్నని గీతలు బుల్లెట్ వెళ్లే దిశలోనే ఉంటాయి. రాగి తక్కువగా అంటుకోవడానికి కారణం అదే.

.308 బ్యారెల్‌లో గాడి లోతు అంగుళంలో వెయ్యో వంతులు నాలుగు మాత్రమే, అంటే సుమారు 0.1 మిల్లీమీటర్. రాడ్డు చేసే ప్రతి గీత ఈ కొలతతో పోల్చి చూసుకోవలసినదే.

ఇక్కడ ఒక విషయం చాలామంది గమనించరు. తూటా కూర్చునే చాంబర్‌నూ, దానికీ గాడుల మొదలుకూ మధ్యనుండే థ్రోట్‌నూ గన్‌స్మిత్ రీమర్ అనే కోత పనిముట్టుతో తర్వాత కోస్తాడు. లాపింగ్ అప్పటికే అయిపోయి ఉంటుంది. కాబట్టి థ్రోట్‌లో రీమర్ గీతలు బుల్లెట్ దారికి అడ్డంగా ఉంటాయి. బ్యారెల్ మొత్తంలో అత్యధిక వేడి, ఒత్తిడి తగిలేదీ అక్కడే. రెండో సున్నితమైన చోటు మూతి అంచు, అంటే క్రౌన్. బుల్లెట్ చివరిగా తాకే ఉక్కు అది. అక్కడ ఒక పక్క చిన్న నొక్కు పడినా వాయువు ఆ పక్క నుంచి ముందుగా తప్పించుకుని బుల్లెట్‌ను పక్కకు నెడుతుంది. ఈ రెండు చోట్లనూ కాపాడుకుంటే మధ్యలో ఉన్న రెండడుగుల గొట్టం మిమ్మల్ని పెద్దగా ఇబ్బంది పెట్టదు.

లోపల పేరుకునేవి రెండు: మందు కాలగా మిగిలిన కార్బన్ మసి, బుల్లెట్ తొడుగు నుంచి ఊడిన రాగి. తొడుగు లోహంలో సాధారణంగా 95 శాతం రాగి, 5 శాతం జింక్ ఉంటాయి. మసికి పనిచేసే సాల్వెంట్ రాగిని కదిలించకపోవచ్చు, రాగిని కరిగించేది మసిని ముట్టకపోవచ్చు. పైగా ఇవి పొరలు పొరలుగా, ఒకదాని మీద ఒకటి పడతాయి. అందువల్ల ముందు మసి, తర్వాత రాగి, అవసరమైతే మళ్లీ మసి అన్న వరుస పాటించాలి.

ఎప్పుడు శుభ్రం చేయాలి

కాల్చిన రోజు సాయంత్రమే తుపాకీ కడగాలన్న పాత నియమం ఊరికే పుట్టలేదు. ఒకప్పటి ప్రైమర్లలో, అంటే తూటా అడుగున ఉండి మందును అంటించే భాగాల్లో, పొటాషియం క్లోరేట్ ఉండేది. అది కాలితే మిగిలే ఉప్పు గాలిలోని తేమను పీల్చి ఒక్క రాత్రిలోనే తుప్పు పట్టించేది. ఇప్పుడు అమెరికాలో తయారవుతున్న మామూలు తూటాల్లో ఆ బెడద లేదు. పాత సైనిక నిల్వల నుంచి వచ్చిన తూటాలు కాల్చినప్పుడు మాత్రం ఆ నియమం ఇంకా చెల్లుతుంది. ఆ ఉప్పును కరిగించేది నీళ్లే, నూనె కాదు. వేడినీటితో కడిగి, బాగా ఆరబెట్టి, తర్వాత నూనె రాయాలి.

మిగతావారికి నా సలహా: బ్యారెల్ చెప్పేది వినండి. రైఫిల్‌ను బల్ల మీద ఆనించి కాల్చే బెంచ్‌రెస్ట్ పోటీదారులు ఇరవై ముప్పై తూటాలకే తోముతారు, వారికి ఒకే రంధ్రంలో అయిదు బుల్లెట్లు పడాలి. దూరపు ఉక్కు లక్ష్యాలపై కాల్చే ప్రెసిషన్ రైఫిల్ పోటీలవాళ్లు రెండు మూడు వందల దాకా ఆగుతారు. మీ బ్యారెల్ ఎన్ని తూటాల తర్వాత గురి చెదరగొడుతుందో నోట్‌బుక్‌లో రాసుకోండి. ఆ సంఖ్యకు కాస్త ముందే శుభ్రం చేస్తే చాలు. గుంపు (లక్ష్యం మీద పడిన రంధ్రాలు) బిగువుగా పడుతుండగా, బ్యారెల్ లోపలికి చూసే కెమెరా బోర్‌స్కోప్‌లో నల్లటి మరక కనిపించిందని రాడ్డు పట్టుకోకండి. టెస్లాంగ్ వంటి చవక బోర్‌స్కోప్‌లు వచ్చాక ఈ జబ్బు పెరిగింది. అంత దగ్గరి నుంచి చూస్తే ఏ బ్యారెల్ లోపలైనా భయంకరంగానే ఉంటుంది.

సామగ్రి

రాడ్డు ఒకే ముక్కగా ఉండాలి. మర బిగించి కలిపే మూడు ముక్కల రాడ్ల అతుకుల దగ్గర అంచులుంటాయి, అవి గట్లను గీకుతాయి. డ్యూయీ సంస్థ చేసే నైలాన్ పూత రాడ్లు, టిప్టన్ వారి కార్బన్ ఫైబర్ రాడ్లు బాగా వాడుకలో ఉన్నాయి. పూత రాడ్డును ప్రతి తోపుకూ ముందు తుడవాలి, ఎందుకంటే మెత్తని పూతలో ఇరుక్కున్న మసి రేణువులు ఆకురాయిలా పనిచేస్తాయి. పిడిలో బేరింగులుండాలి. అప్పుడే రాడ్డు గాడుల మెలికను అనుసరించి తిరుగుతుంది.

బోర్ గైడ్ లేకుండా మొదలుపెట్టవద్దు. ఇది బోల్ట్ తీసిన చోట అమరే గొట్టం. రాడ్డును బోర్‌కు సరిగ్గా నడిమధ్యన ఉంచుతుంది, సాల్వెంట్ ట్రిగ్గర్‌లోకి కారకుండా ఆపుతుంది. మీ యాక్షన్‌కూ (బోల్ట్ నడిచే భాగానికీ), క్యాలిబర్‌కూ సరిపోయేది, కొసన ఓ-రింగ్ ఉన్నది కొనండి. మిగతా వాటిలో పొదుపు చేసినా ఇందులో చేయకండి.

ఇవి కాక కావలసినవి: క్యాలిబర్‌కు తగ్గ జాగ్ (ప్యాచ్‌ను పట్టుకునే రాడ్డు కొస), నూలు ప్యాచ్‌లు, రెండు మూడు కంచు బ్రష్‌లు, ఒకటి రెండు నైలాన్ బ్రష్‌లు, కార్బన్ సాల్వెంట్, రాగి సాల్వెంట్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పలుచని తుపాకీ నూనె, నైట్రైల్ చేతి తొడుగులు. జాగ్ విషయంలో ఒక మెలకువ. ఇత్తడి జాగ్‌లోనూ రాగి ఉంటుంది కాబట్టి సాల్వెంట్ దాన్నీ కరిగించి ప్యాచ్‌ను నీలంగా మారుస్తుంది. బ్యారెల్ శుభ్రమైనా మీరు తోముతూనే ఉంటారు. నికెల్ పూత ఉన్న జాగ్ గానీ, సాల్వెంట్‌కు లొంగని మిశ్రలోహంతో చేసినది గానీ తీసుకోండి.

అడుగు వెంట అడుగు

1. మ్యాగజీన్ తీయండి, బోల్ట్ వెనక్కి లాగి పూర్తిగా బయటికి తీయండి. చాంబర్‌ను కంటితో చూడండి, చిటికెన వేలితో తడిమి చూడండి. తూటాలను వేరే గదిలో పెట్టండి. కిటికీలు తెరవండి. ప్రైమర్ మసిలో సీసం ఉంటుంది. ఆ గదిలో తినడం, తాగడం, పసిపిల్లలను ఉండనివ్వడం కూడదు.

2. రైఫిల్‌ను స్టాండులో మూతి కాస్త కిందికి వాలేలా బిగించండి. ద్రవం మూతి వైపే కారాలి. వెనక్కి కారితే బెడ్డింగ్‌ను (యాక్షన్ కూర్చునే స్టాక్ లోపలి పూతను), ట్రిగ్గర్‌ను పాడుచేస్తుంది. మూతికి మజిల్ బ్రేక్ గానీ సప్రెసర్ గానీ ఉంటే విప్పండి. బ్యారెల్ గోరువెచ్చగా ఉన్నప్పుడు మసి తేలిగ్గా వదులుతుంది, కాబట్టి రేంజ్‌లోనే మొదటి ప్యాచ్‌లు నడిపితే సగం పని తీరుతుంది. చేత్తో పట్టుకోలేనంత వేడిగా ఉంటే మాత్రం ఆగండి. వేడి ఉక్కు మీద సాల్వెంట్ వెంటనే ఆరిపోతుంది, అమ్మోనియా ఉన్నదైతే ఉక్కునే తినవచ్చు.

3. బోర్ గైడ్ పెట్టండి. కార్బన్ సాల్వెంట్‌లో తడిపిన ప్యాచ్‌ను చాంబర్ వైపు నుంచి మూతి దాకా ఒకే నెమ్మదైన తోపుతో పంపండి. మూతి దాటగానే ప్యాచ్ రాలిపోవాలి. దాన్ని వెనక్కి లాగితే బయటికి తెచ్చిన మురికినే మళ్లీ లోపలికి ఈడ్చినట్టు. రెండు మూడు ప్యాచ్‌లు ఇలా పంపాక వదులు మసి చాలావరకు పోతుంది. బ్రష్ కంటే ముందు ఇది తప్పనిసరి.

4. ఇప్పుడు బ్రష్. సాల్వెంట్‌ను బ్రష్ మీద సీసాతో పోయండి, బ్రష్‌ను సీసాలో ముంచకండి, సీసా అంతా మురికవుతుంది. బ్రష్ పూర్తిగా మూతి బయటికి వచ్చాకే వెనక్కి తీసుకోవాలి. వెనక్కి వచ్చేటప్పుడు క్రౌన్ దగ్గర రాడ్డు బరువు అంచు మీద పడకుండా, నెమ్మదిగా, సూటిగా లాగండి. ఎక్కువ జాగ్రత్త కావాలనుకునేవారు మూతి దగ్గర బ్రష్ విప్పేసి రాడ్డును ఒంటరిగా లాక్కుంటారు. ఓపికుంటే అదే మేలు. పది సార్లు ముందుకూ వెనక్కూ నడిపితే మామూలుగా సరిపోతుంది.

5. పది పదిహేను నిమిషాలు వదిలేయండి. రాడ్డు ఒత్తిడి చేయలేని పని రసాయనం చేస్తుంది. ఈ లోపు బోల్ట్ తుడవండి.

6. పొడి ప్యాచ్‌లు నడపండి. నలుపు, బూడిద రంగు వస్తుంటే మసి ఇంకా ఉంది, నాలుగో అడుగు నుంచి మళ్లీ మొదలు. లేత బూడిదకు వచ్చాక ఆపండి. తెల్లగా వచ్చే దాకా పట్టుబట్టనక్కర్లేదు.

7. రాగి సంగతి ఇప్పుడు చూడాలి. రాగి సాల్వెంట్ పట్టించిన ప్యాచ్ నడిపి, సీసా మీద రాసినంత సేపు ఆగి, పొడి ప్యాచ్ పంపండి. నీలం, ఆకుపచ్చ రంగులు రాగికి గుర్తు. స్వీట్స్ 7.62 లాంటి అమ్మోనియా సాల్వెంట్ చాలా చురుకైనది, దాన్ని పదిహేను నిమిషాలకు మించి లోపల ఉంచకూడదు. బోర్ టెక్ ఎలిమినేటర్, వైప్-అవుట్ నురుగు వంటి అమ్మోనియా లేనివి నెమ్మదైనవి, కొత్తవారికి అవే క్షేమం. రాగి సాల్వెంట్‌తో కంచు బ్రష్ వాడవద్దు, బ్రష్ కరిగిపోతుంది, రంగూ తప్పుగా కనిపిస్తుంది. నైలాన్‌దే వాడాలి. ఒక సాల్వెంట్ మీద ఇంకొకటి పోసే ముందు ఆల్కహాల్ ప్యాచ్‌తో మొదటిదాన్ని పూర్తిగా తుడిచేయండి.

మంచి లాపింగ్ ఉన్న బ్యారెల్‌లో రెండు మూడు ప్యాచ్‌లకే నీలం పలచబడుతుంది. ఆ మాత్రం మిగిలినా గురికి నష్టం లేదు.

8. బోర్ గైడ్ తీసి, పొట్టి చాంబర్ రాడ్డుకు గుడ్డ చుట్టి చాంబర్‌ను, బోల్ట్ లగ్‌లు (బోల్ట్‌ను బిగించి పట్టే ముందరి పళ్లు) తిరిగే చోటును తుడవండి. చాంబర్ పూర్తిగా పొడిగా ఉండాలి. కాల్చినప్పుడు ఇత్తడి కేసు వ్యాకోచించి చాంబర్ గోడను పట్టుకుంటుంది. గోడ మీద నూనె ఉంటే ఆ పట్టు తగ్గి, బోల్ట్ మీద పడే బలం పెరుగుతుంది. బోల్ట్ లగ్‌ల వెనక వైపు మాత్రం గోధుమగింజంత గ్రీజు రాయండి, లేకపోతే ఉక్కు ఉక్కును పట్టేసి గీరుకుపోతుంది.

9. క్రౌన్‌ను సాల్వెంట్‌లో తడిపిన దూది పుల్లతో లోపలి నుంచి బయటికి తుడవండి. లోహపు పనిముట్టేదీ అక్కడ పెట్టకండి. క్రౌన్ చుట్టూ మసి గుర్తు అన్ని పక్కలా సమానంగా, నక్షత్రంలా ఉంటే అంచు బాగున్నట్టే. ఒక పక్క గుర్తు వేరుగా ఉంటే గన్‌స్మిత్‌కు చూపించండి.

కార్బన్ రింగ్

దీనికి విడిగా చోటివ్వాలి, ఎందుకంటే ఇది గురి సమస్యగా మొదలై భద్రత సమస్యగా మారుతుంది. కేసు మెడ ముగిసే చోట, గాడులు మొదలయ్యే ముందు, మసి వేడికి కాలి కాలి గాజులా గట్టిపడి ఉంగరంలా పేరుకుంటుంది. బోర్ అంతా శుభ్రంగా కనిపించినా ఇది అలాగే ఉండిపోగలదు, మామూలు బ్రష్ దీన్ని దాటేసిపోతుంది. కేసు మూతి ఆ ఉంగరంలో ఇరుక్కుంటే బుల్లెట్‌ను గట్టిగా నొక్కి పట్టేస్తుంది, ఒత్తిడి ఉన్నట్టుండి పెరుగుతుంది. ఎప్పుడూ వాడే తూటాలకే బోల్ట్ ఎత్తడం కష్టమైనా, ప్రైమర్లు చదునైనా, బుల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్‌లో వేగం కారణం లేకుండా ఎగిరినా మొదట అనుమానించవలసింది దీన్నే. కాల్చడం అక్కడే ఆపండి.

తీసే పద్ధతి: కార్బన్ సాల్వెంట్‌లో బాగా తడిపిన ప్యాచ్‌ను థ్రోట్ దగ్గర అరగంట ఉంచండి. తర్వాత బోర్ కంటే ఒక సైజు పెద్ద నైలాన్ బ్రష్‌ను చాంబర్ రాడ్డుకు బిగించి, ఆ చోట మాత్రమే చేత్తో గుండ్రంగా తిప్పండి. తుడిచి, బోర్‌స్కోప్‌తో చూడండి. ఇక్కడ బోర్‌స్కోప్ నిజంగా తన డబ్బు తిరిగి రాబడుతుంది. రెండు మూడు విడతలకూ కదలకపోతే, జే-బీ బోర్ పేస్ట్ లేదా ఐయోసో పేస్ట్ ప్యాచ్‌కు పట్టించి, థ్రోట్ ఉన్న ఒకటి రెండు అంగుళాల మేర మాత్రం పొట్టి తోపులు వేయండి. రాపిడి పేస్ట్‌ను మూతి బయటికి తోయవద్దు, క్రౌన్ అంచు గుండ్రబడుతుంది. పని అయ్యాక సాల్వెంట్ ప్యాచ్‌లతో పేస్ట్ ఆనవాలు లేకుండా తుడవాలి. ప్రతి శుభ్రతకూ పేస్ట్ వాడేవారున్నారు, నేను ఒప్పుకోను. ఉక్కును తినే వస్తువు ఎప్పుడో ఒకసారి వాడే మందుగానే ఉండాలి.

కొత్త బ్యారెల్ మొదటి రోజు

ఒక తూటా కాల్చి శుభ్రం చేయడం, మళ్లీ ఒకటి కాల్చి శుభ్రం చేయడం, దీన్ని బ్రేక్-ఇన్ అంటారు. ఇది అవసరమా కాదా అని దశాబ్దాలుగా వాదన నడుస్తోంది. గేల్ మెక్‌మిలన్ వంటి పేరున్న తయారీదారుడు ఇది వట్టిదని బాహాటంగానే చెప్పారు. క్రీగర్ సంస్థ చెప్పే కారణం మాత్రం నాకు నమ్మదగినదిగా అనిపిస్తుంది. థ్రోట్‌లోని అడ్డ గీతలు రాగిని చెక్కేస్తాయి, ఆ రాగి వేడికి ఆవిరై ముందుకెళ్లి బోర్‌లో అంటుకుంటుంది. కొన్ని తూటాల తర్వాత ఆ గీతలు వాటంతటవే నునుపవుతాయి. ఈ లోపు రాగి పొర వాటిని కప్పేయకుండా చూడటమే బ్రేక్-ఇన్ లక్ష్యం.

కాబట్టి ఒక్కో తూటాకు ఒకసారి చొప్పున అయిదు సార్లు శుభ్రం చేసి ప్యాచ్ చూడండి. నీలం గణనీయంగా తగ్గితే మూడేసి తూటాలకు ఒకసారి చొప్పున రెండు విడతలు చేసి ముగించండి. తగ్గకపోతే ఇంకో అయిదు. అంతకు మించి అక్కర్లేదు. మొదటి వంద రెండు వందల తూటాల వరకు బుల్లెట్ వేగం నెమ్మదిగా పెరగడం చాలా బ్యారెళ్లలో కనిపిస్తుంది. సొంతంగా తూటాలు నింపుకునేవారు మందు కొలతను ఆ తర్వాతే ఖరారు చేసుకోవాలి.

.22, ఎయిర్ రైఫిల్

గురి పోటీల్లో వాడే .22 రిమ్‌ఫైర్ బుల్లెట్‌కు సాధారణంగా రాగి తొడుగు ఉండదు, మైనం పూసిన సీసం ఉంటుంది. ఆ మైనం బోర్ అంతా సమంగా పరుచుకున్నాకే తూటాలు స్థిరంగా పడతాయి. పూర్తిగా తోమేస్తే ఆ స్థిరత్వం తిరిగి రావడానికి మళ్లీ కొన్ని తూటాలు ఖర్చవుతాయి. అక్కడ చాంబర్ ముందరి ఉంగరం మీద దృష్టి పెట్టి, బోర్‌కు రెండు మూడు తడి ప్యాచ్‌లు, ఆ తర్వాత పొడి ప్యాచ్‌లతో సరిపెట్టాలి.

హైదరాబాద్‌లో షూటింగ్ నేర్చుకునే పిల్లలు ఎక్కువగా పట్టేది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్. 2012 లండన్ ఒలింపిక్స్‌లో గగన్ నారంగ్ కాంస్యం గెలిచింది అందులోనే. పైన చెప్పిన సాల్వెంట్లు దాని దగ్గరికి కూడా రానివ్వకండి, సీళ్లు పాడవుతాయి. అందులో మందు మండదు, రాగి ఉండదు. పెల్లెట్ బదులు శుభ్రతకోసం అమ్మే ఫెల్ట్ ముక్కలను తయారీదారు చెప్పిన విధంగా వాడితే చాలు.

దాచడం, మళ్లీ తీయడం

స్టెయిన్‌లెస్ కదా, తుప్పు పట్టదని అనుకోవద్దు. బ్యారెళ్లకు వాడే 416ఆర్ ఉక్కు వంటగది గిన్నెల ఉక్కంత తుప్పును తట్టుకోదు. హ్యూస్టన్ వంటి తేమ ఊళ్లలో అయితే మరీ. శుభ్రత ముగియగానే నూనె ప్యాచ్ ఒకటి, దాని వెనకే పొడి ప్యాచ్ ఒకటి నడపండి, పలుచని పొర మిగిలితే చాలు. స్పాంజి నిండిన పెట్టెలో నెలల తరబడి ఉంచకండి, స్పాంజి తేమను పట్టి ఉంచుతుంది. తాళం ఉన్న సేఫ్‌లో తేమ పీల్చే సిలికా జెల్ పెట్టి, వీలైతే మూతి కిందికి ఉండేలా నిలబెట్టండి.

మళ్లీ కాల్చే ముందు ఒక పొడి ప్యాచ్ తప్పక నడపాలి. లోపల నూనె ఉంటే మొదటి బుల్లెట్ వేరే చోట పడుతుంది, ఒత్తిడీ పెరగవచ్చు. రాడ్డు సాఫీగా మూతి దాకా వెళ్లిందంటే లోపల ప్యాచ్ ఏదీ ఇరుక్కోలేదని కూడా తేలుతుంది. శుభ్రం చేసిన బ్యారెల్ మొదటి కొన్ని తూటాలు గుంపుకు దూరంగా పడటం మామూలే. అవి ఎన్నో మీ నోట్‌బుక్‌కు తెలియాలి. పోటీకి గానీ వేటకు గానీ వెళ్లే ముందు అన్ని తూటాలు ముందుగానే కాల్చి ఉంచండి.

ఎంత జాగ్రత్తగా చూసుకున్నా థ్రోట్ ఒకనాటికి కాలిపోతుంది. ఎండిన చెరువు అడుగులా నెర్రెలు పడి, గాడుల మొదలు మూతి వైపు ముందుకు జరుగుతూ పోతుంది. .308 విన్‌చెస్టర్‌లో మూడు నుంచి అయిదు వేల తూటాల దాకా, 6.5 క్రీడ్‌మోర్‌లో రెండు మూడు వేల దాకా మంచి గురి ఆశించవచ్చు. గట్టిగా, వేడిగా కాలిస్తే అంతకంటే ముందే పోతుంది. శుభ్రం చేశాక కూడా, మంచి తూటాలతో కూడా గుంపు విచ్చుకుంటూనే ఉంటే ఇక తోమడం ఆపి గన్‌స్మిత్ దగ్గరికి వెళ్లండి. లోపం క్రౌన్‌లోనే ఉంటే లేతు మీద కొత్త అంచు కోయడం చిన్న పని. థ్రోట్ పోయి, ముందు భాగం బాగుండి, బ్యారెల్ పొడవు అనుమతిస్తే, వెనక నుంచి అంగుళం దాకా కోసి చాంబర్ మళ్లీ వేయించుకోవచ్చు. కొత్త రీమర్ గీతలు పడతాయి కనుక బ్రేక్-ఇన్ మళ్లీ చేయాలి.